ఆగిన చదువుకు రెండో అవకాశం: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం – వారసత్వం

వ్యాససంగ్రహం: స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగసభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళాసభ వ్యవస్థాపకురాలిగా దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) తెలుగువారికి సుపరిచితులు. ఆమె సాగించిన వివిధ కార్యక్రమాలను కలిపే సూత్రం ఒకటి ఉందని, అది చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీకి మళ్ళీ చదువుకునే అవకాశం కల్పించడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ భావన ఆమె స్వీయానుభవం నుంచి సంస్థగా, సంస్థ నుంచి ప్రభుత్వ పథకంగా ఎదిగిన క్రమాన్ని పరిశీలించి, దాని పరిమితులనూ వర్తమాన ప్రాసంగికతనూ చర్చిస్తుంది.

కీలకపదాలు: దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఆంధ్ర మహిళాసభ, స్త్రీవిద్య, వయోజన విద్య, సంక్షిప్త కోర్సులు, స్త్రీల హక్కులు, జూబ్లీహిల్స్.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట స్త్రీల హక్కుల చరిత్రను సాధారణంగా కందుకూరి వీరేశలింగం పంతులుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. వితంతు వివాహం, బాల్యవివాహ నిషేధం, బాలికా పాఠశాలలు ఆ ఉద్యమానికి ప్రధానాంశాలు. ఆ తరం సంస్కర్తల దృష్టి ముఖ్యంగా రాబోయే తరంపై నిలిచింది. బాలికకు పెళ్ళి కాకుండా ఆపాలి, ఆమెను బడికి పంపాలి అన్నది వారి ఆశయం. అయితే అప్పటికే పెళ్ళయిపోయి, చదువు ఆగిపోయి, పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో ఒంటరిగా మిగిలిన స్త్రీ సంగతేమిటి? చట్టం ఆమె కూతురిని కాపాడవచ్చు. ఆమె కోల్పోయిన సంవత్సరాలను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఈ ప్రశ్నను జీవితాంతం వెంటాడిన వ్యక్తి దుర్గాబాయి. ఆమెపై వచ్చిన తెలుగు రచనల్లో ఎక్కువ భాగం ఆమె అలంకరించిన పదవులను, పొందిన సత్కారాలను వరుసగా పేర్కొంటాయి. 1975లో వచ్చిన పద్మవిభూషణ్ దాకా ఆ జాబితా పెద్దదే. జాబితా గౌరవాన్ని తెలుపుతుంది గాని ఆలోచనను తెలపదు. ఆమె ఆలోచనకు మూలం ఏమిటో, అది ఏ రూపాల్లో సంస్థగా నిలిచిందో గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం. రాజమండ్రిలో మొదలై, మద్రాసులో రూపుదిద్దుకుని, ఢిల్లీలో జాతీయ పథకంగా మారి, హైదరాబాదుకు చేరిన ఆ ప్రయాణక్రమాన్నే ఈ వ్యాసమూ అనుసరిస్తుంది.

2. రాజమండ్రి: విద్యార్థిని కాకముందే ఉపాధ్యాయురాలు

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చాక ఆ వివాహబంధంలోకి వెళ్ళడానికి ఆమె నిరాకరించారు. భర్తకు తన నిర్ణయాన్ని తెలియజేసి, మరో వివాహం చేసుకోవలసిందిగా కోరారు. కుటుంబం ఆమెకు అండగా నిలిచింది. ఆ కాలంలో ఇది అసాధారణం. బాల్యవివాహం నుంచి బయటపడిన స్త్రీలకు సాధారణంగా సంస్కర్త ఎవరో ఆసరా అయ్యేవారు. ఇక్కడ మాత్రం ఆ బాలిక తన నిర్ణయాన్ని తానే ప్రకటించింది.

బడి చదువు కూడా ఆమెకు సాఫీగా సాగలేదు. ఆంగ్ల మాధ్యమాన్ని విధించడాన్ని నిరసిస్తూ 12 ఏళ్ళ ప్రాయంలో ఆమె బడి మానేశారు. అయితే చదువు మానలేదు. హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో బాలికల కోసం హిందీ పాఠశాల ప్రారంభించారు. అక్కడికి బాలికలే గాక గృహిణులూ వచ్చి నేర్చుకునేవారు. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు దేవదాసీ స్త్రీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకునేలా ఏర్పాటు చేసింది ఈ బాలికే. ఆయన హిందీ ప్రసంగాన్ని ఆ సభలో తెలుగులోకి అనువదించిందీ ఆమే. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ప్రదర్శనలో స్వచ్ఛంద సేవికగా ఉండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ద్వారం వద్ద ఆపిన ఉదంతం బహుళ ప్రచారం పొందింది.

ఈ ఉదంతాన్ని ఆమె ధైర్యానికి నిదర్శనంగా చెప్పడం రివాజు. మన చర్చకు దాని వెనుక ఉన్న మరో విషయం ముఖ్యం. బడి చదువు పూర్తిచేయని ఒక బాలిక, బడికే వెళ్ళని స్త్రీలకు ఒక భాష నేర్పి, వారిని ప్రజాజీవితంలోకి తీసుకువచ్చింది. ఆమె తరువాతి కృషి అంతటికీ బీజం ఈ చిన్న పాఠశాలలో ఉంది.

3. చెరసాల నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహంలో భాగంగా మద్రాసులో దుర్గాబాయి అరెస్టయ్యారు. 1930–33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మదురై జైలులో ఏకాంత శిక్ష అనుభవించారు. జైలులో తోటి స్త్రీ ఖైదీలను గమనించినప్పుడు ఆమెకు ఒక కఠోర సత్యం బోధపడింది. చట్టం తెలియక, తమ తరఫున వాదించేవారు లేక, తాము చేయని నేరాలకు శిక్ష అనుభవిస్తున్న స్త్రీలు అక్కడ ఉన్నారు. న్యాయశాస్త్రం చదవాలన్న ఆమె సంకల్పానికి ఈ అనుభవమే ప్రేరణ.

స్త్రీల హక్కుల చరిత్రలో ఈ ఘట్టానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. హక్కు కాగితంపై ఉన్నా, ఆ కాగితాన్ని చదవలేని వ్యక్తికి అది లేనట్టే. అందుకే దుర్గాబాయి దృష్టిలో చదువూ హక్కూ వేర్వేరు అంశాలు కావు. చదువు వ్యక్తిత్వ వికాసానికి అలంకారమన్న నాటి మధ్యతరగతి భావన కంటే ఈ దృష్టి భిన్నమైనది. ఆత్మరక్షణకు సాధనంగా ఆమె చదువును చూశారు.

విడుదలైన తరువాత ఇరవై ఏళ్ళు దాటిన వయసులో ఆమె పాఠ్యపుస్తకాలు పట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణులయ్యారు. అనంతరం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం అభ్యసించి 1939లో బి.ఏ. ఆనర్సు పట్టా పొందారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో న్యాయవాదిగా నమోదయ్యారు. బడి మానేసిన నాటికీ న్యాయవాది అయిన నాటికీ మధ్య సుమారు 20 ఏళ్ళ కాలం ఉంది. ఆగిన చదువును అందుకోవడానికి ఎంత శ్రమ, ఎంత సహకారం, ఎంత పట్టుదల కావాలో ఆమెకు స్వయంగా తెలుసు. ఆ శ్రమ ప్రతి స్త్రీ ఒంటరిగా పడవలసినది కాదని ఆమె భావించారు. ఆ భావనకు రూపమే ఆంధ్ర మహిళాసభ.

4. ఆంధ్ర మహిళాసభ: అనుభవం సంస్థగా మారిన విధం

1937లో మద్రాసులో, మైలాపూరు ప్రాంతంలోని తెలుగు కుటుంబాల బాలికలతో, స్త్రీలతో మొదలైన చిన్న బృందమే ఆంధ్ర మహిళాసభగా ఎదిగింది. ఆ సమయానికి దుర్గాబాయి ఇంకా విద్యార్థినే. తాను ఏ పరీక్ష ద్వారా తిరిగి చదువులోకి వచ్చారో, అదే కాశీ మెట్రిక్యులేషన్‌కు ఇతర స్త్రీలను సిద్ధం చేయడం సభ తొలి కార్యక్రమాల్లో ఒకటి. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. సాధారణ పాఠశాలలో పదేళ్ళ బాలికల సరసన పాతికేళ్ళ వితంతువు కూర్చోలేదు. ప్రైవేటు అభ్యర్థినిగా పరీక్ష రాసే మార్గం ఆమెకు వయసు అడ్డులేని ద్వారం. అయితే ఆ ద్వారం దాకా నడిపించే ఉపాధ్యాయులు, వసతి, తోడు అవసరం. సభ సమకూర్చినవి ఇవే.

క్రమంగా సభ కార్యక్రమాలు వసతిగృహం, చేతిపనుల శిక్షణ, ప్రసూతి ఆసుపత్రి, నర్సుల శిక్షణ, పాఠశాలలు, కళాశాలలుగా విస్తరించాయి. ‘ఆంధ్ర మహిళ’ పత్రికను దుర్గాబాయి సంపాదకత్వంలో వెలువరించారు. ఈ విస్తరణలో ఒక తర్కం కనిపిస్తుంది. చదువుకోవడానికి వచ్చిన స్త్రీకి ఉండడానికి చోటు కావాలి. చదువు పూర్తయ్యాక బతుకుతెరువు కావాలి. ఆసుపత్రి పెడితే నర్సుగా ఉద్యోగం దొరుకుతుంది, ఇతర స్త్రీలకు వైద్యమూ అందుతుంది. విద్య, వసతి, ఉపాధి అనే మూడింటిని ఒకే ప్రాంగణంలో కలపడం సభ ప్రత్యేకత.

దుర్గాబాయి వ్యక్తిగత జీవితంలోని ఒక సంఘటన ఈ దృక్పథానికి గీటురాయి. ఆమెకు బాల్యంలో వివాహమైన వ్యక్తి తరువాత వేరొకరిని వివాహం చేసుకున్నారు. ఆయన మరణానంతరం నిరాదరణకు గురైన ఆ భార్యకు చదువు, చేతిపనిలో శిక్షణ లభించేలా చేసి, ఆమె తన కాళ్ళపై తాను నిలబడేందుకు దుర్గాబాయి తోడ్పడ్డారు. ఒకే బాల్యవివాహ వ్యవస్థ ఇద్దరు స్త్రీలను రెండు విధాలుగా బాధించిందన్న అవగాహన ఇక్కడ ఉంది. ఆ వ్యవస్థ నుంచి తాను తప్పుకోవడంతో తన బాధ్యత తీరిపోయిందని ఆమె అనుకోలేదు.

5. రాజ్యాంగసభ నుంచి సంక్షేమ బోర్డు దాకా

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగసభకు ఎన్నికయ్యారు. ఆ సభలోని 15 మంది స్త్రీలలో ఆమె ఒకరు. అధ్యక్షుల ప్యానెల్‌లో స్థానం పొందిన ఏకైక మహిళ కూడా ఆమే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30కి తగ్గించాలన్న ఆమె సవరణ ఆమోదం పొందింది. తరువాత తాత్కాలిక పార్లమెంటులో స్త్రీల ఆస్తి హక్కుకు మద్దతుగా నిలిచారు. 1953లో చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసి, అటువంటివి మన దేశంలోనూ నెలకొల్పాలని సూచించారు. ఆ ఆశయం 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంతో కార్యరూపం దాల్చింది. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేళ్ళయింది.

1952 సార్వత్రిక ఎన్నికల్లో ఆమె గెలవలేకపోయారు. అనంతరం ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనసహాయం అందించడం బోర్డు ప్రధాన కర్తవ్యం. 1954 నుంచి గ్రామాల సముదాయాలలో బాలవాడీలు, ప్రసూతి సేవలు, చేతిపనుల శిక్షణ, వయోజన విద్య అందించే సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి.

ఇక్కడే ఒక ఆచరణాత్మక సమస్య ఎదురైంది. గ్రామసేవికలు, బాలవాడీ ఉపాధ్యాయినులు, మంత్రసానులు, నర్సులు కావాలి. ఆ శిక్షణలకు కనీస విద్యార్హత ఉండాలి. గ్రామీణ స్త్రీలలో అటువంటి అర్హత ఉన్నవారు అత్యల్పం. పట్టణం నుంచి వచ్చిన ఉద్యోగిని గ్రామంలో నిలవడం కష్టం. ఈ చిక్కుముడికి 1958లో బోర్డు ప్రారంభించిన వయోజన స్త్రీల సంక్షిప్త విద్యాకోర్సుల పథకం సమాధానమైంది. కొంత చదివి మానేసిన వయోజన స్త్రీలను తక్కువ కాలంలో మాధ్యమిక లేదా మెట్రిక్యులేషన్ స్థాయి పరీక్షకు సిద్ధం చేయడం దాని ఉద్దేశం. వయసు మీరిన విద్యార్థినికి పరిణతి, జీవితానుభవం ఉంటాయి. కనుక బాలికకు పట్టే సంవత్సరాలన్నీ ఆమెకు అవసరం లేదన్నది దీని వెనుక ఉన్న బోధనా సూత్రం. మైలాపూరులో కొద్దిమందికి చేసిన ప్రయోగం ఈ విధంగా దేశవ్యాప్త పథకమైంది.

అదే 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా కమిటీకీ దుర్గాబాయి అధ్యక్షత వహించారు. 1959లో సమర్పించిన ఆ కమిటీ నివేదిక, స్త్రీ పురుషుల విద్యలో ఉన్న అంతరాన్ని ప్రత్యేక సమస్యగా పరిగణించి ప్రాధాన్యం ఇవ్వాలని కోరింది. దాని ఫలితంగా ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

6. పరిమితులు – విమర్శ

దుర్గాబాయి కృషిని విమర్శనాత్మకంగానూ చూడవలసి ఉంది. మొదటిది, ఆంధ్ర మహిళాసభ తొలి దశలో పట్టణ మధ్యతరగతి తెలుగు సమాజాన్ని ఆధారం చేసుకుని ఎదిగింది. అదే 1940వ దశకంలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న గ్రామీణ స్త్రీల జీవితాలు మరో చరిత్ర. ‘మనకు తెలియని మన చరిత్ర’ గ్రంథం ద్వారా 1986లో స్త్రీశక్తి సంఘటన ఆ చరిత్రను వెలుగులోకి తెచ్చింది. ఈ రెండు చరిత్రలూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఆ కాలపు తెలుగు స్త్రీ సంపూర్ణంగా అర్థమవుతుంది.

రెండవది, నర్సు, ఉపాధ్యాయిని, కుట్టుపని శిక్షకురాలు వంటి ‘స్త్రీలకు తగిన’ వృత్తులకే శిక్షణ ఎక్కువగా పరిమితమైంది. ఇంటి బయటి పనిలోనూ స్త్రీ సేవాపాత్రలోనే కొనసాగింది. మూడవది, సంక్షేమ దృష్టి స్త్రీని లబ్ధిదారుగా చూస్తుంది గాని, నిర్ణయాధికారం గల పౌరురాలిగా చూడదన్న విమర్శ ఉంది. భారతదేశంలో స్త్రీల స్థితిగతులపై ఏర్పడిన కమిటీ 1974లో సమర్పించిన నివేదిక, స్వాతంత్ర్యానంతర అభివృద్ధి అధిక సంఖ్యాక స్త్రీలకు చేరలేదన్న చేదునిజాన్ని బయటపెట్టింది. తరువాతి స్త్రీవాద ఉద్యమం సంక్షేమ భాషను వదలి హక్కుల భాషను స్వీకరించడానికి ఇది ఒక కారణం.

ఈ విమర్శలు సమంజసమైనవే. అయితే సంక్షేమానికీ హక్కుకూ మధ్య గీసిన గీత ఆచరణలో అంత స్పష్టంగా ఉండదని తెలుగు గ్రామమే నిరూపించింది. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో జరిగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో వయోజన స్త్రీలు రాత్రిబడులకు వచ్చారు. సారా మూలంగా చితికిన కుటుంబం గురించిన పాఠం చదివి చర్చించుకున్నారు. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాదుకాణాన్ని మూయించారు. ఆ స్ఫూర్తి జిల్లాలు దాటి రాష్ట్రవ్యాప్త ఉద్యమమై, 1993లో సారా నిషేధానికి దారితీసింది. వయోజన విద్య ప్రభుత్వ కార్యక్రమంగానే మొదలైంది. దాన్ని హక్కుల పోరాటంగా మలచినవారు మాత్రం ఆ చదువరులే. దుర్గాబాయి జైలులో గ్రహించిన సత్యానికి ఇది ఆరు దశాబ్దాల తరువాత లభించిన సమర్థన.

7. హైదరాబాదు: జూబ్లీహిల్స్‌లో ఈ వారసత్వం

మద్రాసు నుంచి తెలుగువారి సంస్థలు హైదరాబాదుకు తరలిన చరిత్రలో ఆంధ్ర మహిళాసభకూ చలనచిత్ర పరిశ్రమకూ పోలిక ఉంది. రెండూ మద్రాసులోని తెలుగు సమాజంలో పెరిగి, రాష్ట్ర అవతరణ తరువాత క్రమంగా హైదరాబాదులో స్థిరపడ్డాయి. మహిళాసభ కళాశాల, అక్షరాస్యతా కేంద్రం ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాల్లో నెలకొన్నాయి. స్టూడియోలు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండలపై వెలిశాయి.

అదే జూబ్లీహిల్స్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఇది దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దీనికి అంబేద్కర్ పేరు పెట్టారు. పూర్వ విద్యార్హత లేనివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వెసులుబాటును ఇది తొలి దశాబ్దాల్లో కల్పించింది. ఇంటివద్దకే వచ్చే తెలుగు పాఠ్యపుస్తకాలు, ఆదివారపు తరగతులు, రేడియో పాఠాలు ఉద్యోగినులకు, గృహిణులకు చదువును అందుబాటులోకి తెచ్చాయి. ఈ సంస్థకు దుర్గాబాయి కృషి ప్రత్యక్ష కారణమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆమె 1981 మే 9న మరణించారు. అయితే వయసు, పెళ్ళి, పని చదువుకు అడ్డు కారాదన్న సూత్రం రెంటికీ ఉమ్మడి. కాశీ మెట్రిక్యులేషన్ 1930లలో మైలాపూరు స్త్రీలకు ఏ ద్వారం తెరిచిందో, సార్వత్రిక విద్య తరువాతి తరాలకు అదే ద్వారాన్ని మరింత విశాలంగా తెరిచింది.

ఆ ద్వారం అవసరం విశ్వవిద్యాలయం చుట్టుపక్కలే కనిపిస్తుంది. చిత్రపరిశ్రమ చిన్న వయసులోనే పనిలోకి రమ్మంటుంది. జూనియర్ ఆర్టిస్టులుగా, బృందనర్తకులుగా, సహాయకులుగా పనిచేసే స్త్రీలకు రోజుకూలీ ఒప్పందాలు, మధ్యవర్తుల మాటలే ఆధారం. 2018లో ఫిలింనగర్‌లో లైంగిక వేధింపులపై నిరసన బహిరంగంగా వ్యక్తమైంది. 2019లో తెలంగాణ ప్రభుత్వం చిత్రపరిశ్రమలో స్త్రీల సమస్యల పరిశీలనకు కమిటీ నియమించింది. 2022లో ఉపసంఘం నివేదిక సమర్పించింది. దాన్ని బహిర్గతం చేయాలని 2024లో సినీరంగ స్త్రీలు కోరవలసి వచ్చింది. పనిచేసేచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013 నుంచి చట్టం ఉంది. పది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి పనిస్థలంలో అంతర్గత కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతోంది. చట్టం ఉండడానికీ అది బాధితురాలికి అందడానికీ మధ్య ఉన్న దూరమే దుర్గాబాయి జైలులో చూసినది. చదవని ఒప్పందంపై సంతకం చేసే స్త్రీకి హక్కు గురించి చెప్పడం సగం పని. ఆ ఒప్పందాన్ని చదవగలిగేలా చేయడం మిగిలిన సగం.

ఇది ఒక్క చిత్రసీమకు సంబంధించినది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 ఏళ్ళు నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే దుర్గాబాయి బాల్యంలో ఎదుర్కొన్న సమస్య శతాబ్దం తరువాతా ప్రతి నలుగురు యువతులలో దాదాపు ఒకరిది. బాల్యవివాహాన్ని ఆపడానికి చట్టం, అధికారులు, ప్రచారం ఉన్నాయి. పెళ్ళి జరిగిపోయిన తరువాత ఆ బాలికకు ఏ దారి ఉందన్న ప్రశ్నకు మాత్రం తగినంత ప్రాధాన్యం లభించడం లేదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, మహిళా సమతా కార్యక్రమం నడిపిన మహిళా శిక్షణ కేంద్రాలు, సార్వత్రిక పాఠశాలలు ఈ దిశలో సాగిన ప్రయత్నాలు. మరోవైపు, సంక్షిప్త కోర్సులకు పుట్టినిల్లయిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునే మూసివేయాలని ఇటీవలి సంవత్సరాల్లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. సంస్థ కాలం చెల్లి ఉండవచ్చు. అది తీర్చడానికి పుట్టిన అవసరానికి మాత్రం కాలం చెల్లలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, దుర్గాబాయి జీవితంలో బాల్యవివాహ తిరస్కారం, జైలు అనుభవం, ఆలస్యంగా సాగిన విద్యాభ్యాసం వేర్వేరు ఘట్టాలు కావు. ఆగిన చదువును తిరిగి అందుకోవడం స్త్రీ హక్కు అన్న ఒకే భావనకు అవి మూలాలు. రెండు, ఆ భావనను ఆమె ఉపన్యాసంగా వదిలివేయలేదు. 1937లో సంస్థగా, 1958లో పథకంగా నిలిపారు. మూడు, సంక్షేమ దృష్టికి ఉన్న పరిమితులు వాస్తవమే అయినా, వయోజన స్త్రీకి అక్షరం అందినప్పుడు ఆమె దాన్ని హక్కుగా మలచుకోగలదని దూబగుంట వంటి అనుభవాలు చూపాయి.

దుర్గాబాయిని స్మరించుకునే సభల్లో విగ్రహాలకు, పురస్కారాలకు కొరత లేదు. ఆమె వారసత్వాన్ని కొలవడానికి ఇంతకంటే సరైన ప్రమాణం ఉంది. పదిహేనేళ్ళకు పెళ్ళయి, ఇరవై అయిదేళ్ళకు మళ్ళీ చదవాలనుకునే ఒక తెలుగు స్త్రీకి తన ఊరికి దగ్గరలో ఉపాధ్యాయురాలు, పుస్తకం, పరీక్ష, బిడ్డను చూసుకునే చోటు దొరుకుతున్నాయా లేదా అన్నదే ఆ ప్రమాణం. సంక్షిప్త కోర్సులలో చదివిన స్త్రీల అనుభవాలను, ఆంధ్ర మహిళాసభ పూర్వ విద్యార్థినుల జ్ఞాపకాలను, సార్వత్రిక విశ్వవిద్యాలయ పట్టభద్రులైన గృహిణుల కథనాలను సేకరించి అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది. చరిత్రలో ఆమె పేరు స్థిరంగా ఉంది. ఆమె తెరిచిన తలుపులోంచి నడిచి వచ్చిన స్త్రీల పేర్లూ ఆ చరిత్రలో చేరినప్పుడే అది సమగ్రమవుతుంది.